నంబరు కలవని బోల్టు

తొంభైల దశకం మొదటి సంవత్సరాల్లో నేను జిల్లా సాయుధ రిజర్వులో ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేస్తున్నాను. ఆర్మరర్ అంటే ఆయుధాల మరమ్మతు, తనిఖీ చూసే మనిషి. వానలు సరిగ్గా పడని ఒక ఏడాది, ఆషాఢం చివర, జగిత్యాల మున్సిఫ్ కోర్టు నుంచి మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌కు ఒక ఉత్తర్వు అందింది. ఒక భాగపంపకం దావాలో పాత విదేశీ రైఫిల్ ఒకటి ఉంది, దాన్ని పరిశీలించి మార్కెట్ విలువ ఎంతో చెప్పగల నిపుణుణ్ణి పంపమని దాని సారాంశం. ఇన్‌స్పెక్టర్ గారు నన్ను పిలిచి ఉత్తర్వు చేతిలో పెట్టారు.

దావా అక్కాతమ్ముళ్ల మధ్య నడుస్తోంది. వాళ్ల తండ్రి లింగాగౌడుది మల్యాల పక్కన ఒక పల్లె. కల్లు గీసే కుటుంబంలో పుట్టినా, వయసులో ఉన్నప్పుడు ఆ ఊరి దొరకు వేటలో తోడు వెళ్లేవాడు. దొర ఊరు వదిలి హైదరాబాదు వెళ్లిపోతూ తన రైఫిల్‌ను చట్ట ప్రకారం అతని పేరున మార్పించి ఇచ్చాడు. అడవి పందుల నుంచి మక్క చేను కాపాడుకోవడానికి లింగాగౌడుకు లైసెన్సు దొరికింది. ఆ తర్వాత పరిస్థితులు మారి పల్లెల్లోని లైసెన్సు తుపాకులన్నిటినీ పోలీస్ స్టేషన్లలో జమ చేయించారు. ఈ రైఫిల్ కూడా అక్కడికి చేరింది. అది లోపల ఉండగానే లింగాగౌడు చనిపోయాడు.

లైసెన్సుదారు చనిపోతే ఆయుధం వారసుల చేతికి నేరుగా రాదు. వారసుల్లో ఒకరు తమ పేరున లైసెన్సు తెచ్చుకోవాలి, లేకపోతే లైసెన్సున్న డీలరుకో మరో లైసెన్సుదారుకో అమ్మాలి. అయితే దాని విలువలో మాత్రం వారసులందరికీ భాగం ఉంటుంది. కూతురు రాజవ్వ దావా వేసింది. కొడుకు నర్సాగౌడు ఎదురు జవాబు వేశాడు. తండ్రికి మిగిలిన కొద్దిపాటి పొలం విషయంలో ఇద్దరికీ పేచీ లేదు, పెద్దమనుషుల ముందు పంచుకున్నారు. రైఫిల్ దగ్గరే ఆగిపోయారు. తనకే కావాలని ఇద్దరూ రాశారు. ఎదుటివాళ్లకు మాత్రం ఇవ్వవద్దని ఇద్దరూ రాశారు.

పాత రైఫిల్‌కు ధర కట్టడం కొత్త రైఫిల్‌కు కట్టడం లాంటిది కాదు. విదేశాల నుంచి తుపాకుల దిగుమతి ఆగిపోయాక, దేశంలో ఉన్న మంచి ఇంగ్లీషు రైఫిళ్లే చేతులు మారుతూ వచ్చాయి. కొనేవాళ్లు తక్కువ, కానీ వాళ్లు డబ్బున్నవాళ్లు. తయారీదారు ఎవరు, బోరు ఏది, బ్యారెల్ లోపలి మెలి గాడులు ఎంత పదునుగా ఉన్నాయి, ఉక్కు మీది నీలి పూత మొదటిదేనా లేక ఎవరైనా మళ్లీ వేయించారా, అన్నిటికన్నా ముఖ్యంగా భాగాల మీది నంబర్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అని చూస్తారు. మా ఆయుధాగారంలో ఇలాంటివి రావు. అందుకని బయలుదేరే ముందు హైదరాబాదు వెళ్లి తుపాకుల షాపుల్లో ఈ మధ్య ఏది ఎంతకు పోయిందో కనుక్కున్నాను. ఒక డీలరు అద్దాల బీరువా తెరిచి ఒక్కొక్క రైఫిల్‌నూ నా చేతికిచ్చి చూపించాడు. అతను రోజూ చూసే వస్తువులను నేను సర్వీసు మొత్తంలో పట్టుకున్నది ఆ పూటే. అతనంటే నాకు కుళ్లు పుట్టింది.

పరిశీలన స్టేషన్ వరండాలో పగటి పూట పెట్టుకున్నాం. కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ ఒక యువ వకీలు. పార్టీలిద్దరూ ఎదురుగా ఉండగానే పరిశీలించాలన్నది నియమం.

రాజవ్వ సిరిసిల్ల పక్కనున్న తంగళ్లపల్లి నుంచి తెల్లవారి బస్సుకు వచ్చింది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, సగం ఆగిపోయి ఉన్న రోజులవి. ఆమె భర్త మొదట బొంబాయి దగ్గరి భీవండి మగ్గాలకు వెళ్లి, అక్కడా పని దొరక్క దుబాయి పోయాడు. ఆమె ఇంట్లో కండెలు చుట్టి బతుకుతోంది. వేళ్ల చివర నూలు కోసిన సన్నని గీతలు కనిపించాయి. నర్సాగౌడు ఆమెకన్నా చిన్నవాడు. మస్కట్‌లో కొన్నేళ్లు కట్టడాల పని చేసి వచ్చి కోరుట్లలో ఇల్లు కట్టుకున్నాడు. మెడ ఎండకు మాడిపోయి ఉంది, దాని చుట్టూ తెల్లటి ఇస్త్రీ కాలరు. ఇద్దరూ వరండాకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడ్డారు.

సెంట్రీ రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టగానే రాజవ్వ రెండడుగులు ముందుకు వచ్చింది.

"సారూ, దుమ్ము తుడిచినంక సూడుండ్రి. బాపు గట్ల ఎన్నడు ఉంచలే."

"తుడిచేటందుకు సారున్నరు. నువ్వు దూరముండు," అన్నాడు నర్సాగౌడు వెంటనే.

"నేనెందుకు దూరముండాలె సారూ? లైసెన్సుల నా పేరున్నది. వీని పేరున్నదా?"

ఆమె చెప్పింది నిజమే. లైసెన్సులో రిటైనర్ అని ఒక గడి ఉంటుంది. యజమాని తరఫున ఆయుధం పట్టుకోవడానికి అనుమతి ఉన్న మనిషి పేరు అందులో రాస్తారు. లింగాగౌడు అందులో కూతురి పేరు రాయించాడు. పెళ్లయి వెళ్లిన తర్వాత కూడా మక్క కంకులు పాలు పట్టే సమయానికి ఆమె పుట్టింటికి వచ్చి, తండ్రితో పాటు మంచె మీద కూర్చుని చేను కాచేదట. కొడుకును ఎన్నడూ మంచె ఎక్కించలేదు. కారణం ఏమిటని కమిషనర్ అడిగితే నర్సాగౌడు నేల చూస్తూ జవాబిచ్చాడు.

"నా చెయ్యి వణుకుతదట. గట్లని ఊరందరి ముంగట అన్నడు. అక్క కాలిస్తే మాత్రం, 'సూడుండ్రిరా నా బిడ్డను' అని అందరికి సూపెట్టేటోడు."

నేను పని మొదలుపెట్టాను. ముందు బోల్టు వెనక్కి లాగి, చాంబర్‌లో వేలు పెట్టి, తూటా లేదని తేల్చుకోవాలి. మ్యాగజీను చూడాలి. ఆ తర్వాతే మిగతాది. చిందిగుడ్డతో బ్యారెల్ తుడిచి వెలుతురుకు పట్టి చూశాను. లోపల అద్దంలా ఉంది. ఒక్క గుంట లేదు. అది బర్మింగ్‌హామ్‌లో తయారైన పాయింట్ టూ సెవెన్ ఫైవ్ బోరు వేట రైఫిల్. నీలి పూత మొదటిదే, చేతులు పట్టే చోట మాత్రం అరిగి వెండిలా తేలింది. భుజానికి ఆనే బట్ వాల్‌నట్ కట్టె. ఎవరూ వార్నిష్ పూయలేదు, ఎన్నో ఏళ్లు అవిసె నూనె మాత్రమే రాశారు. పాత వస్తువులను సేకరించేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? నేను దాన్ని భుజానికి ఆనించి చూసి దించడానికి కొంచెం ఎక్కువ సమయమే తీసుకున్నాను. ఈ ఇద్దరిలో ఎవరికి దక్కినా నాకు కష్టంగానే ఉంటుందని ఆ క్షణంలో అనిపించింది.

తర్వాత నంబర్లు. బ్యారెల్ మీద, బోల్టు ఇమిడే రిసీవర్ మీద, మ్యాగజీను అడుగు పలక మీద ఒకే నంబరు ఉంది. బోల్టు మీద వేరే నంబరు.

బోల్టు అంటే తూటాను చాంబర్‌లోకి నెట్టి, వెనక నుంచి బిగించి పట్టుకునే ఉక్కు భాగం. పేలుడు ఒత్తిడినంతా అదే ఆపుతుంది. ప్రతి రైఫిల్‌కూ దాని బోల్టును విడిగా అమర్చి, అదే నంబరు కొడతారు. నేను నంబర్లు కమిషనర్‌కు పైకి చదివి చెప్పి, బోల్టు ఈ రైఫిల్‌ది కాదన్నాను. దీనివల్ల ధర ఎంత తగ్గుతుందని ఆయన అడిగారు. అసలు బోల్టుతో ఉంటే మల్యాల వైపు ఎకరం తరి పొలం కొనవచ్చు, ఇలా అయితే ఒక జత ఎడ్లు రావడం కూడా కష్టమని చెప్పాను.

నర్సాగౌడు ముఖం తేటపడింది. "నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న సారూ, గది తుక్కని. తుక్కు ధరల సగం అక్కకిస్త. రైఫిల్ నాకు రాసియ్యుండ్రి."

రాజవ్వ అతని వైపు చూడలేదు, నాతోనే మాట్లాడింది. బోల్టు పోయిన సంగతి ఆమెకు తెలుసు. తమ్ముడు మస్కట్ పోయిన కొద్ది రోజులకే, అడవిలో తన చేతి నుంచే జారిపోయిందని తండ్రి పోలీసులకు చెప్పాడట. ఆయుధ భాగం పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు. ఆయన్ను ఎన్నోసార్లు స్టేషన్‌కు పిలిపించారు, లైసెన్సు రద్దవుతుందేమో అన్నంత వరకు వెళ్లింది. చివరికి ఎక్కడి నుంచో ఈ వేరే బోల్టు తెచ్చి వేయించుకున్నాడు. ఆ ఏడాది కంకుల కాలానికి ఆమె పుట్టింటికి వెళితే తండ్రి రైఫిల్‌ను ముట్టనివ్వలేదు.

"'ఇగ నువ్వు పట్టద్దు బిడ్డా' అన్నడు సారూ. ఎందుకే బాపూ అంటే మాట్లాడలే. నాకు తెలుసు, మస్కట్ కెళ్లి వీడే రాసిండు, లగ్గమైన ఆడిదానికి మన ఇంటి తుపాకి ఎందుకని. బాపు కొడుకు మాట ఇన్నడు. గప్పటి సంది నేను వీనితోటి మాట్లాడలే."

"నేనేం రాయలే," అన్నాడు నర్సాగౌడు.

విలువ నివేదికలో ఆయుధం కాల్చడానికి పనికొస్తుందా లేదా అన్నది కూడా రాయాలి. అందుకు గేజీలు వాడతాం. అవి తూటా ఆకారంలో ఉండే ఉక్కు ముక్కలు. మొదటి గేజీ మీద బోల్టు మూసుకోవాలి. దానికన్నా వెంట్రుకవాసి పొడుగుండే రెండోదాని మీద మూసుకోకూడదు. మూసుకుంటే బోల్టుకూ తూటాకూ మధ్య ఉండకూడని ఖాళీ ఉన్నట్టు. నేను రెండోది పెట్టి బోల్టు పిడి వేలితో నొక్కాను. ఏ అడ్డూ లేకుండా మూసుకుంది. మళ్లీ చేసి చూశాను. మళ్లీ మూసుకుంది.

కాల్చడానికి ప్రమాదకరం అని కమిషనర్ చేత రాయించాను.

"పెమాదమంటే ఏంది సారూ?" అని రాజవ్వ అడిగింది.

తూటా వెనక భాగం చీలిపోవచ్చని, మండే గాలి, ఇత్తడి ముక్కలు కాల్చేవాళ్ల ముఖం మీదికి కొట్టవచ్చని చెప్పాను. కళ్లు పోయినవాళ్లు ఉన్నారని, అలాంటి ఒక కేసులో పగిలిన రైఫిల్‌ను నేనే పరిశీలించానని కూడా చెప్పాను. మరి లింగాగౌడు దీన్నే వాడాడు కదా, ఆయనకు ఏమీ కాలేదా అని కమిషనర్ అడిగారు.

రాజవ్వ కమిషనర్ వైపు తిరిగింది. "బాపు భుజాన వెట్టి కాల్చకపోయేది. ఈ బోల్టు ఏసినంక మంచె గుంజకు కట్టేసి, తాడు వట్టి దూరంకెళ్లి గుంజేటోడు. పందులు బెదిరితె సాలు గదా. ముసలోనికి భయం వట్టిందని అందరం నవ్వినం."

అనుమానం ఉన్న ఆయుధాన్ని ఆర్మరర్లు పరీక్షించేది సరిగ్గా అలాగే. స్టాండుకు బిగించి, ట్రిగ్గరుకు తాడు కట్టి, గోడ చాటు నుంచి లాగుతాం. లింగాగౌడు ఏళ్ల తరబడి దొర వెంట తిరిగిన మనిషి. వేరే బోల్టు వేసుకుంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఇదే మాట రాజవ్వతో అన్నాను. నీ తండ్రి నీ చేతి నుంచి రైఫిల్ తీసుకున్నది ఎవరి మాటా విని కాదమ్మా, నీ కళ్ల కోసం అయి ఉంటుందని చెప్పాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నర్సాగౌడు వరండా మెట్టు మీద కూలబడ్డాడు. ఇంకొంచెం సేపు అతను నోరు మూసుకుని ఉంటే రైఫిల్ జత ఎడ్ల ధరలో సగానికి అతనికి దక్కే వీలుండేది. ఆ ధరను కోర్టులో ఎవరూ కాదనేవాళ్లు కాదు.

"బోల్టు నేను తీసిన సారూ," అన్నాడు. "మస్కట్ పోయే ముందు. నేను ఎడారిల రాళ్లు మోస్తుంటె అక్క మంచె మీద కూసోని బాపుతోటి కాల్చుకుంట నవ్వుతదా అనిపించింది. ఇద్దరికి లేకుంట చెయ్యాలనుకున్న. సైకిలు ట్యూబుల సుట్టి, గ్రీజు వెట్టి, బాయి దరి రాళ్ల సందుల వెట్టిన. బాపు అసొంటిది వేరే తెచ్చి ఏస్తడని నాకేం ఎరుక? అక్క కాల్చి ఉంటే..."



అప్పుడు రాజవ్వ మొదటిసారి అతని వైపు తిరిగింది. జాలిపడుతుందేమో అనుకున్నాను. అలా జరగలేదు.

"బాపుకు ఎరుకే," అంది. "నువ్వు తీసినవని ఎరుకే. అందుకే తన మీద ఏసుకున్నడు. నీకోసం ఠాణాల దొంగ లెక్క నిలవడ్డడు. నాకోసం ఎన్నడన్న గట్ల నిలవడ్డడా?"

"నీకోసం తాడు కట్టిండు గదనే!" అన్నాడు నర్సాగౌడు లేచి. "నా చెయ్యి వణుకుతదన్నోడు, నీ కండ్లు పోవద్దని తనే కాల్చుకున్నడు. నాకోసం ఏం కట్టిండు?"

కమిషనర్ కలం ఆపేశారు. నేను గేజీలు డబ్బాలో సర్దుకుంటూ తల వంచుకున్నాను. తండ్రి ఇద్దరికీ చేసింది ఏమిటో ఇద్దరికీ అప్పుడే తెలిసింది. అయినా ఎవరికి ఎక్కువ చేశాడన్న దగ్గరే ఇద్దరూ నిలబడ్డారు.

పోయిందని నమోదైన ఆయుధ భాగం ఫలానా చోట ఉందని తెలిశాక దాన్ని వదిలేయడానికి వీల్లేదు. స్టేషన్ ఎస్.ఐ.కి చెప్పాను. ఆయన ఇద్దరు పంచులను, అంటే పంచనామా సాక్షులను, పిలిచి, మమ్మల్ని జీపులో వెంటబెట్టుకుని వాళ్ల ఊరికి బయలుదేరారు. వేరే ఏడాదైతే గజ ఈతగాడు కావాల్సి వచ్చేది. ఆ ఏడాది బావి ఎండిపోయి, అడుగున పగుళ్లు పారిన బురద మాత్రమే ఉంది. చుట్టుపక్కల ఇళ్లు చాలావాటికి తాళాలు. బొంబాయి పోయినవాళ్లు కొందరు, గల్ఫ్ పోయినవాళ్లు కొందరు. నర్సాగౌడు మోట రాళ్లు పట్టుకుని దిగి, సందులో చేయి పెట్టి, ముందు ఒక చోట, తర్వాత ఇంకో చోట వెతికాడు. పైన నిలబడ్డ రాజవ్వ "ఇంక కిందికి సూడు, గప్పుడు నీళ్లు గక్కడిదాకనే ఉండె" అని చేత్తో చూపించింది. ఆ సందులోనే ట్యూబు దొరికింది.

పంచనామా అయ్యాక బోల్టును కిరోసిన్‌లో నానబెట్టాను. ఒక పక్క తుప్పు గుంటలు పడ్డాయి, పనిచేసే భాగాలు మాత్రం గ్రీజు వల్ల దక్కాయి. నంబరు రైఫిల్ నంబరే. మొదటి గేజీ మీద మూసుకుంది. రెండోదాని మీద ఆగిపోయింది.

నర్సాగౌడు మీద కేసు పెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. ఎస్.ఐ. రాజవ్వను అడిగారు. ఆమె వద్దంది. కారణం ఆమె మాటల్లోనే చెబుతాను. "వీడు జేలుకు పోతే ఊరంత వీని ముచ్చటే చెప్తరు సారూ. పాపం నర్సిగాడు అంటరు. నాకద్దు." ఎస్.ఐ. నవ్వు ఆపుకుని అతని వాంగ్మూలం తీసుకుని, పై అధికారులకు రాసి, పాత ఫిర్యాదును వస్తువు దొరికినట్టు చూపి మూయించారు.

నా నివేదికలో రెండు విలువలు రాశాను. పరిశీలనకు తెచ్చినప్పుడు ఉన్న స్థితిలో ఎంత, అసలు బోల్టుతో ఎంత. బోల్టు మీది తుప్పుకు కొంత తగ్గించాను, నీలి పూత మొదటిదే కాబట్టి దాని అరుగుదలకు తగ్గించలేదు. హైదరాబాదు షాపుల్లో నేను చూసి వచ్చిన అమ్మకాలతో పోల్చి, ఎందుకు ఆ అంకె వేశానో పక్కన రాశాను. వకీళ్లిద్దరూ నన్ను బోనులో నిలబెట్టి ప్రశ్నించారు. కోర్టు నా రెండో అంకెను ఒప్పుకుంది.

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో కొత్త లైసెన్సు దొరకడం దాదాపు అసాధ్యం. అక్కకూ రాలేదు, తమ్ముడికీ రాలేదు. తమ ఇద్దరిలో ఒకరి లైసెన్సు కోసం ఎదురుచూడడం కన్నా అమ్మేయడమే నయమని రాజీ పత్రం దాఖలు చేశారు. రెండో మనిషికి దక్కకుండా పోతుందన్నది ఆ రాజీలో ఇద్దరికీ నచ్చిన సంగతి అనుకుంటాను.

డీలరు ద్వారా హైదరాబాదు వ్యాపారి ఒకాయన కొన్నాడు. పాత ఆయుధాలు సేకరించే సరదా ఉన్న మనిషి. అప్పగింత రోజు నేను కూడా ఉండాలి కాబట్టి వెళ్లాను. అక్కాతమ్ముళ్లు ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు. కొన్నాయన సంతకాలు పెట్టి, రైఫిల్‌ను రెండు చేతులా ఎత్తి, "బ్యూటిఫుల్" అంటూ చుట్టూ ఉన్నవాళ్లకు చూపించడానికి తిప్పాడు. బ్యారెల్ మూతి మా అందరి కడుపుల మీదుగా పోయింది.

రాజవ్వ ముఖం ముడుచుకుంది. "మూతి మనుషుల దిక్కు తిప్పుతుండు సూడు," అని గొణిగింది.

"పట్టుకునుడే రాదు గాయినకు," అన్నాడు నర్సాగౌడు. "గిట్లాంటోనికి పోయిందక్కా."

ఆ పరిశీలన మొదలైన నాటి నుంచి అతను ఆమెను 'అక్కా' అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి. కొన్నాయన కారు గేటు దాటేదాకా ఇద్దరూ ఒకే రకంగా, కళ్లలో నిప్పులు పోసుకుని చూశారు. తర్వాత ఒకరు సిరిసిల్ల బస్సుకూ, ఒకరు కోరుట్ల బస్సుకూ వెళ్లిపోయారు. తన భాగంతో రాజవ్వ రెండు పాత సాంచాలు కొన్నదనీ, భర్త దుబాయి నుంచి తిరిగి వచ్చి వాటి మీద పని చేసుకుంటున్నాడనీ తర్వాత తెలిసింది. నర్సాగౌడు మళ్లీ మస్కట్ వెళ్లాడు. వాళ్ల మధ్య రాకపోకలు మొదలయ్యాయో లేదో నాకు తెలియదు. ఊహించి చెప్పడం నా వృత్తిలో లేదు.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నంతకాలం ఇలాంటి మదింపులు చాలా చేశాను. ప్రతిసారీ పాటించిన పద్ధతి ఒకటి ఈ కేసులోనే నేర్చుకున్నాను. నంబరు కలవని భాగం కనిపిస్తే ధర తగ్గించి ఊరుకోకూడదు. అసలు భాగం ఎప్పుడు పోయింది, అప్పుడు ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు అని పార్టీలిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి అడగాలి. గేజీ పరీక్ష కూడా వాళ్లు చూస్తుండగానే చేయాలి. ధర వేయడం ఆ తర్వాత సంగతి.